మీ ఆసుపత్రిలో మొండి బ్యాక్టీరియా లేదని చూపించుకోవడం ఎలా?

సూపరింటెండెంటు గారూ, తనిఖీకి వచ్చేవాళ్లు యాంటీబయోగ్రామ్ (ఏ బ్యాక్టీరియా ఏ మందుకు ఎంత శాతం లొంగుతుందో చూపే చార్టు) అడుగుతారని కంగారు పడకండి. మందులకు లొంగని బ్యాక్టీరియాను తగ్గించడం కష్టం గానీ, కనబడకుండా చేయడం సులువే.

ముందు రక్తం కల్చర్ సంగతి చూసుకోండి. రోగి ఐసీయూలోకి రాగానే మెరోపెనమ్ ఎక్కించేసి, మర్నాడు తీరిగ్గా రక్తం తీయించండి. పెద్దవాళ్లకైతే సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు, రెండు చోట్ల నుంచి రెండు సెట్లు తీయాలని మైక్రోబయాలజీ మేడమ్ పోరుతూనే ఉంటారు. మీరు ఒక సీసాలో 2 మిల్లీలీటర్లు పోయించి పంపండి. ‘నో గ్రోత్’ అని రిపోర్టు రావడానికి బోలెడు అవకాశం. వినడానికి ఎంత హాయి! చర్మం సరిగ్గా తుడవకపోతే పైపై స్టెఫైలోకాకస్ పెరుగుతుంది. పెరగనీయండి, వాంకోమైసిన్ మొదలుపెడితే సరి. ఫార్మసీ కూడా నడవాలి కదా.

మూత్రం కాథెటర్ సంచిలోంచి పట్టించి, ఆయమ్మకు తీరిక దొరికేదాకా వార్డు కిటికీలో పెట్టించండి. రెండు గంటల్లో ల్యాబుకు చేర్చాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి అనే నియమం విజయవాడ ఎండలు ఎరగనివాళ్లు రాసిందని సర్దిచెప్పండి.

కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌కు బ్యాక్టీరియా లొంగుతుందో లేదో చూడటానికి డిస్క్ పరీక్ష పెట్టించండి. ఆ మందు అగర్‌లో సరిగా పాకదు, డిస్క్ మాట నమ్మకూడదు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేయాలి అంటారు. నిజమే. కానీ లొంగని బ్యాక్టీరియాను కూడా లొంగినట్టు చూపించే పరీక్ష మీకు ఇంకెక్కడ దొరుకుతుంది?

అసలు కళంతా లెక్కల్లో ఉంది. ఒక్కో రోగి నుంచి ఒక్కో రకం బ్యాక్టీరియా మొదటిసారి దొరికినప్పుడే లెక్కలోకి తీసుకోవాలి, అలా దొరికినవి 30కి తక్కువైతే శాతం కట్టకూడదు అనేది నియమం. మీకు దొరికినవి మూడా? రెండు లొంగితే 67 శాతమని ముద్రించండి, దశాంశం కూడా వేస్తే ఇంకా నమ్ముతారు. ఓపీకి నడిచొచ్చినవాళ్ల క్లెబ్సియెల్లానూ వెంటిలేటర్ మీదున్నవాళ్ల క్లెబ్సియెల్లానూ ఒకే వరుసలో కలిపేయండి. ఐసీయూలో మెరోపెనమ్ పనిచేయడం లేదన్న సంగతి ఆ సగటులో కలిసిపోతుంది. ఆ చార్టు చూసి రాత్రి డ్యూటీ డాక్టరు అదే మందు రాస్తాడు, పాపం.

ఈ లెక్కలు కట్టే సాఫ్ట్‌వేరుకు బడ్జెట్ లేదని ఫైల్లో రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ హూనెట్‌ను ఉచితంగా ఇస్తుందని ఎవరూ గుర్తుచేయరు. మందులకు లొంగని బ్యాక్టీరియా మీద నిఘాకు ఐసీఎంఆర్ 2013లో మొదలుపెట్టిన నెట్‌వర్క్ ఏటా వేసే నివేదికలు మాత్రం తెరవకండి. వాటిలో ఐసీయూ ఎసినెటోబాక్టర్ లెక్క చూస్తే ఆ రాత్రికి నిద్ర ఉండదు.

ఇక మీ ఇంట్లోవాళ్లకు జబ్బు చేస్తే, మందు ఎక్కించకముందే కల్చర్ తీసే ఆసుపత్రి చూసి చేర్పించండి.