ఎరుపు తిరిగి లేచెనేని: ఒక డొక్కు కారుకు టీకా తాత్పర్యం

అవతారిక

టీకాకారుడు పని మొదలుపెట్టే ముందు మూలకర్తకు నమస్కరించాలని ఆచారం. ఇక్కడ మూలకర్తనూ నేనే కాబట్టి అద్దంలో చూసి నమస్కారం పెట్టుకుని కూర్చున్నాను.

ఇతివృత్తం ఒక ప్లాస్టిక్ కారు. భీష్మ ఏకాదశి తీర్థంలో జీళ్ళ కొట్టు పక్కన తాడు కట్టి అమ్మే కారు కాదు. ఇది పెట్టెలో ముక్కలుగా వస్తుంది. తీగకు కాయల్లా ప్లాస్టిక్ చట్రానికి వేలాడే భాగాలను తుంచి, అంచులు గీకి, జిగురుతో మనమే కూర్చుకోవాలి. పెట్టె మీద 1/24 అని ఉంది. అంటే అసలు కారులో అడుగు ఇక్కడ అరంగుళం. నాలుగు మీటర్ల ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఆ లెక్కన 17 సెంటీమీటర్లకు వస్తుంది. మా అంతర్వేది నరసింహస్వామివారి 40 అడుగుల రథాన్ని ఇలాగే తగ్గిస్తే 20 అంగుళాలై అలమార్లో కూర్చుంటుంది.

మావయ్య కువైట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చాడు దీన్ని. అన్నయ్యకు పన్నెండేళ్ళు, నాకు తొమ్మిది. బీటిల్ అంటే పెంకుపురుగు అని మావయ్య అర్థం చెప్పేసరికి నాన్న ముఖం మాడిపోయింది. కోనసీమ రైతుకు ఆ జాతిలో తెలిసినది ఒక్కటే: కొబ్బరి మొవ్వును తొలిచి తినే కొమ్ముపురుగు. "చెట్టెక్కి ఇనప కొక్కెంతో పీకలేక నేను చస్తుంటే, నువ్వు డబ్బులిచ్చి కొని తెచ్చావా బావా?" అన్నాడు.

సూచనల కాగితం చెప్పిన మెట్లన్నీ దాటేసి అన్నయ్య ఒక్క రాత్రిలో కారు ముగించాడు. ముందు చక్రాలు రెండూ రెండు దిక్కులు చూసేవి. అద్దం మీద జిగురు కారి శుక్లం వచ్చిన కన్నులా తెల్లబడింది. ఆ తరువాత అది అటకెక్కింది. ముప్పై అయిదేళ్ళకు పెంకులు సర్దిస్తుంటే దిగింది.

మూలం

ఆ.వె. జిగురు ముద్ద విప్పి శీతల పెట్టెలో
పాత రంగు కడిగి పగులు పూడ్చి
యెరుపు తిరిగి లేచెనేని వెండిని పూయఁ
గోనసీమ కారు కొత్తదగును

ప్రతిపదార్థం

జిగురు ముద్ద = అతుకుల దగ్గర పేరుకున్న జిగురు. ముద్ద అనడం చేత పప్పన్నం కొలత సూచితం.

విప్పి = విడదీసి. పీకి అని అర్థం కాదు. పీకితే రెండు ముక్కలు నాలుగవుతాయి.

శీతల పెట్టెలో = ఫ్రిజ్‌లో పైఅరలో, ఒక రాత్రి. పల్లిపాలెం సంప్రదాయులు ‘చేపల ఐసు పెట్టె’ అని వ్యాఖ్యానిస్తారు. వాసన దృష్ట్యా అది అగ్రాహ్యం.

పాత రంగు = పడవకు వేయగా డబ్బా అడుగున మిగిలిన నీలం ఎనామిల్.

కడిగి = డెట్టాల్‌లో నానబెట్టి, అరిగిన టూత్‌బ్రష్‌తో తోమి.

పగులు పూడ్చి = కార్లకు డెంటింగ్ చేసేవాళ్ళు వాడే పుట్టీని పల్చగా పెట్టి, ఆరాక ఎమరీ కాగితాన్ని నీళ్ళలో తడిపి అరగదీసి.

యెరుపు = దీని సంగతి విశేషాల్లో చూడండి. టీకాకారుడికి ఇక్కడ గొంతు పట్టేసింది.

తిరిగి లేచెనేని = మళ్ళీ పైకి వస్తే. ‘ఏని’ అన్నది సందేహార్థకం. పద్యం కట్టేనాటికి సందేహమే. ఇప్పుడు కాదు.

వెండిని పూయన్ = వెండిరంగు పెయింటు పూయగా. అసలు వెండి అనుకుని కంసాలి దగ్గరికి వెళ్ళవద్దు.

కోనసీమ = గోనెసంచుల సీమ కాదు. ద్రుతం మీద సరళాదేశం వచ్చి క గ అయింది, అంతే.

కారు = ఇందులో నానార్థాలున్నాయి. నలుపు అని ఒకరు, పంట అదను అని ఒకరు. ‘కారు’ అంటే ‘అవరు’ అని కూడా కదా, అందువల్ల కోనసీమవాళ్ళు ఎన్నటికీ కొత్తవారు కారు అని మా బావగారి వ్యాఖ్య. ఆయనది పాలకొల్లు. దాన్ని వదిలేద్దాం.

కొత్తదగును = కొత్తది అవుతుంది. ఈ పదమే అన్ని తగవులకూ మూలం.

తాత్పర్యం

మొరటుగా కూర్చిన పాత ప్లాస్టిక్ కారును చలిలో పెట్టి విడదీసి, రంగు వదలగొట్టి, సొట్టలు పూడ్చి, అడుగు నుంచి ఎరుపు ఊరితే దానికి వెండిరంగుతో అడ్డుకట్ట వేసి, పైన కొత్త రంగు వేస్తే మళ్ళీ చూడముచ్చటగా ఉంటుందని భావం.

విశేషాలు

ఒకటి. ‘విప్పి’ అనే మాట తేలిగ్గా కనిపిస్తుంది కానీ ఇందులో వ్యాకరణం ఉంది. జిగురుల్లో రెండు జాతులు. ఒకటి రెండు ముక్కల మధ్య గట్టిపడి పట్టుకుని కూర్చునే రకం. చలికి అది పెళుసెక్కుతుంది. ఫ్రీజర్లోంచి తీసి సన్నటి కత్తి మొన ఆనిస్తే టక్కున విడుతుంది. విగ్రహవాక్యం చెప్పుకోగల సమాసం ఇది. రెండోది ఇలాంటి కిట్లకే వచ్చే ట్యూబు జిగురు. ఇది అతికించదు, పాలిస్టిరీన్‌ను కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేసేస్తుంది. ఇది నిత్యసమాసం. విగ్రహం చెప్పబోతే పదమే పోతుంది. అన్నయ్య రెండూ వాడాడు, అదీ ఒకే అతుకులో. చక్రాలు ఒక్క రాత్రి చలికి దారికొచ్చాయి. బానెట్టు మూడు రాత్రులు తీసుకుంది. వెనక బంపరు నిత్యసమాసం. దాన్ని వంకరగానే వదిలేశాను.

రెండు. ‘కడిగి’ అన్నప్పుడు దేనితో అన్నది పండితుల్లో వివాదం. థిన్నర్ అన్నవాడు కారును సాంబారులో వేసిన అప్పడం చేసుకుంటాడు. గోళ్ళరంగు తుడిచే అసిటోనుదీ అదే గుణం. రాజోలు మెకానిక్కులు బ్రేక్ ఆయిల్ అంటారు. అది పనిచేస్తుంది, చేతి చర్మాన్ని కూడా వదలదు, కాబట్టి తొడుగులు కావాలి. నాది డెట్టాల్ మార్గం. అందులోని పైన్ నూనె జాతి ద్రవం, ఆల్కహాలు కలిసి రంగును లేపుతాయి, ప్లాస్టిక్ జోలికి పోవు. ఒక్కటే నియమం: తోమడం పూర్తయ్యేదాకా నీటిచుక్క తగలకూడదు. తగిలితే లేచిన రంగంతా జీడిపాకంలా ముద్దకట్టి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మొదటిసారి చెయ్యి కుళాయి కిందికి దానంతటదే పోయింది. ఆ పాకం వదిలించడానికి రెండు రోజులు పట్టింది. వారం రోజులు ఇల్లంతా పురిటిగది వాసన.

మూడు. కుడి వెనక చక్రం నడుమ మూత లేదు. దాని స్థానంలో చొక్కా గుండీ ఉంది, తెల్లది, నాలుగు చిల్లులది. పండితులు గ్రంథపాతమని దేన్నంటారో అది ఇది. ఖాళీలో ఎవరో దయగలవారు ఇరికించిన పద్యాన్ని ప్రక్షిప్తమంటారు. బ్రౌన్ దొర పండితుల్ని కూర్చోబెట్టుకుని తాటాకు ప్రతులు పోల్చి చూసి, ఏది కవిది, ఏది తరవాతివాళ్ళ చేరిక అని తేల్చే పనికి ఏళ్ళు పెట్టాడు. 1829లో వేమనను అచ్చేశాడు. ఆయన పద్ధతి ప్రకారం గుండీ పీకేయాలి. పీకలేదు. ఆ గుండీ నాన్న చొక్కాది. కొమ్ముపురుగని తిట్టినాయనే ఎవరూ చూడకుండా చక్రానికి గుండీ అతికించాడన్నమాట. ప్రక్షిప్తాల్లోనూ మూలాన్ని మించినవి ఉంటాయి.

నాలుగు. రంగు వేయడానికి కాలనియమం ఉంది. సముద్రం గాలిలో తేమ ఎక్కువ. స్ప్రే డబ్బా రంగులో ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలో తేమ మంచులా దిగి రంగు పాలవిరుగుడులా తెల్లబారుతుంది. ఆశ్వయుజంలో వేసిన కోటు నాకలాగే పోయింది. మాఘమాసం, మిట్టమధ్యాహ్నం, పొడిగాలి, ఇది శిష్టాచారం. పాత టీవీ అట్టపెట్టె గూడు. బోర్లించిన కొబ్బరిచిప్ప మీద కారు డొల్లను నిలబెట్టి, చిప్పను తిప్పుకుంటూ జానెడు దూరం నుంచి పల్చగా నాలుగు కోట్లు. ఒక్క దళసరి కోటుతో ముగించాలనుకోవడం అన్నయ్య సంప్రదాయం. డబ్బా కొనడానికి సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం పోయి రావాలి కాబట్టి పొదుపు కూడా కలిసొస్తుంది.

అయిదు. ఇక ఎరుపు. డెట్టాల్ గిన్నెలో నీలం పొరలుపొరలుగా లేచిపోయాక కింద తెల్ల ప్లాస్టిక్ బయటపడింది, ఎడమ తలుపు దగ్గర తప్ప. అక్కడ ఎర్రటి మరక, అగ్గిపెట్టె వెడల్పున. ఎంత తోమినా పోలేదు. గోరు ఆనించి చూస్తే ఆ మేర ప్లాస్టిక్ గరుకుగా, సన్నని బీటలతో ఉంది. అది గోళ్ళరంగు. అందులోని ద్రావకాలు పాలిస్టిరీన్‌ను తింటాయి. ఎరుపు పైన పూసినది కాదు, లోపలికి దిగినది. పుట్టీ పెట్టి అరగదీసి మీగడ రంగు వేశాను. మర్నాటికి తలుపు గులాబీ. మళ్ళీ వేశాను. మళ్ళీ గులాబీ.

అంతర్వేదివాడికి ఈ కథ కొత్త కాదు. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు వసిష్ఠుణ్ణి పీడించిన చోటు మాది. వాడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రక్తవిలోచనులు పుట్టుకొస్తారని వరం. చక్రం వేస్తే ఒకడు వెయ్యిమంది అవుతున్నాడు. అప్పుడు స్వామి మాయాశక్తిని నియమించి, నెత్తురు నేలకు తగలకుండా ఆమె నాలుక పరిపించాకే రాక్షసుడు చచ్చాడని స్థలపురాణం. కోటు మీద కోటు వేయడం చక్రం ప్రయోగించడమే, దానికి ఎరుపు చావదు. వెండిరంగులోని లోహపు రజను చేపపొలుసుల్లా ఒకదాని మీదొకటి పరుచుకుని, కింది ఎరుపును పైరంగుకు తగలనివ్వదు. వెండి డబ్బాయే మాయాశక్తి.

శంక – సమాధానం

శంక: ఇంత అవస్థ ఎందుకు? కొత్తది కొనుక్కోవచ్చు కదా?

సమాధానం: రెండు ధర్మాలున్నాయి. 2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక మా స్వామివారి రథం కాలిపోయింది. తెల్లారి బూడిద ముందు నిలబడి ఏడవని మనిషి లేడు ఊళ్ళో. కాలిపోయినదానికి జీర్ణోద్ధారణ లేదు. కొత్త రథం చేయించారు, 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమినాడు, అది కదిలింది. అది నవనిర్మాణ ధర్మం. వంకరగా ఉన్నా వస్తువు మిగిలి ఉంటే విడదీసి బాగుచేయడం రెండో ధర్మం. పెద్ద బీటిళ్ళు కూడా 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారై, 2003 జూలై 30న మెక్సికోలో చివరిది దిగాక ఆగిపోయాయి. ఇప్పుడు ఉన్నవాటిని ఉంచుకోవడమే మిగిలింది.

శంక: బాగుచేసేవాడు ఎక్కడ ఆగాలి?

సమాధానం: మెదకు సీమ కొలిచెలమ మల్లినాథసూరిని అడగండి. చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు మాటను లేపడానికి రాశానని తన టీకకు సంజీవని అని పేరు పెట్టాడాయన. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు వేసుకున్నాడు. నేను ఎక్కడ ఒట్టు తప్పానంటే, మూడో పాదం దగ్గర.

ఆ మరక చూసిన రాత్రి అన్నయ్యకు ఫోన్ చేశాను. హైదరాబాదులో ఉంటాడు. "ఎరుపా? నాకేం గుర్తులేదురా" అన్నాడు, అవసరమైనదానికంటే తొందరగా. నాకు మాత్రం గుర్తుంది. ఆ ఏడాదే అక్క గోళ్ళరంగు సీసా మాయమైంది. మావయ్య తెచ్చినదే, అక్క ఒక్కసారైనా పెట్టుకోని సీసా. దొంగతనం నా మీద పడింది. అమ్మ కొబ్బరి ఈనెల చీపురు తిరగేసి కాళ్ళ మీద వాయించింది. నేను కాదని ముప్పై అయిదేళ్ళుగా చెబుతున్నాను. నవ్వి ఊరుకుంటారు.

వెండి డబ్బా ఊపి ఊపి పక్కన పెట్టేశాను. మిగతా కారంతా మీగడ రంగు. ఎడమ తలుపు గులాబీగానే ఉంది. సాక్ష్యం మీద ఎవరైనా వెండి పూస్తారా?

ఫలశ్రుతి

ఈ టీకను మాఘ శుద్ధ ఏకాదశినాడు చదివినవారికి, విన్నవారికి, పాత అటకలున్నవారికి కలిగే ఫలం ఇది. తీర్థానికి అక్క పంటు మీద నరసాపురం నుంచి వచ్చింది. రథం చూసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అలమారు ముందు ఆగింది. కారు చేతిలోకి తీసుకుంది. తలుపు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రుద్దింది, అదేదో ఇప్పుడు వదులుతుందన్నట్టు. తరువాత వంటింటివైపు తిరిగి,

"అమ్మా, ఆ సీసా వీడు తియ్యలేదే. పెద్దోడే" అంది.

అమ్మ గారెల పిండి లోంచి తల ఎత్తలేదు.

"నాకప్పుడే తెలుసు. వాడు పారిపోయాడు, వీడు చేతికి దొరికాడు."

ఇది మూలకర్త తాత్పర్యం. దీనికి టీక లేదు.