కుకీలు చెరిపేస్తే పోయే రోజులు

మా రోజుల్లో నెట్ సెంటర్లో గంటకింతని కట్టి కూర్చునేవాళ్లం. లేచేముందు హిస్టరీ, కుకీలు చెరిపేస్తే సరి. కుకీ 1994లో నెట్‌స్కేప్ వాళ్లు తెచ్చింది. దానిమీద నాకు ప్రేమేం లేదు కానీ, కనీసం అది మన కంప్యూటర్లోనే కనబడుతూ ఉండేది, తీసేస్తే పోయేది.

ఇప్పుడో? పేజీ తెరవగానే తెర కొలత, ఫాంట్లు, టైమ్ జోన్, గ్రాఫిక్స్ కార్డు అన్నీ సైట్లవాళ్లు బ్రౌజర్ నోటివెంటే రాబడుతున్నారు. మనకు కనపడకుండా దానిచేత ఒక బొమ్మ గీయించి, గీతల్లో వచ్చే సన్నటి తేడాలూ పట్టుకుంటున్నారు. అన్నీ కలిపితే మన మిషన్ వేలిముద్ర తయారు. మన కంప్యూటర్లో ఏదీ పెట్టి వెళ్లరు, ఇక చెరిపేదేముంది? ఇన్‌కాగ్నిటోలో ఉన్నాంగా అని ధీమాపడే పిల్లలకు ఇది ఎంత చెప్పినా ఎక్కదు. 2010లోనే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ సుమారు 4,70,000 బ్రౌజర్లను పరిశీలిస్తే, 83.6 శాతం మరి దేనితోనూ పోలకుండా విడిగా తేలాయి.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో మేమూ వేలిముద్రలు వేశాం. సిరా పూసి, సాక్షుల ఎదుట, ఇదిగో ఇక్కడ అని చూపించి వేయించుకునేవారు. తీసుకునేదెవరో, ఎందుకో తెలిసేది. బ్రౌజర్ వేలిముద్రకు అడగడమన్నదే లేదు.

ఈ పద్ధతి తప్పని 2019లో గూగులే అంది. అదే గూగుల్ 2025 ఫిబ్రవరి నుంచి ప్రకటనదారులు దీన్ని వాడకూడదన్న తన కట్టుబాటు సడలించింది. ఇది బాధ్యతారాహిత్యమని బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం బాహాటంగానే చెప్పింది. మన దగ్గర గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో తేల్చింది. ఆ హక్కు బ్రౌజర్ దాకా రావద్దా?

దారులు లేకపోలేదు. టార్ బ్రౌజర్ తనను వాడేవాళ్లందరినీ వీలైనంత ఒకేలా కనిపించేట్టు చేస్తుంది. బ్రేవ్ అయితే సైటుకో రకంగా జవాబులు మార్చి చెబుతుంది. ఫైర్‌ఫాక్స్ పేరుపడ్డ వేలిముద్రల స్క్రిప్టులను అడ్డుకుంటుంది. ఏవేవో ఎక్స్‌టెన్షన్లు కుప్పపోస్తే మాత్రం ఇంకా విడిగా కనబడతాం.

నాకు ఒళ్లు మండేది మరొకటుంది. బ్రౌజర్ భాష తెలుగు పెట్టుకుంటే ఆ సంగతి ప్రతి సైటుకూ చేరుతుంది. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో అలా పెట్టుకున్న తెలుగువాడు ఇట్టే దొరికిపోతాడు. అందుకే ఈ రక్షణలు పెట్టుకునేవాళ్లను, పేజీలు ఇంగ్లిషులోనే అడగమంటారు. తెలుగు చదువుకునే మనిషి దాక్కోవడానికి తెలుగే వదులుకోవాలా? నేనొప్పుకోను. ఈ వేలిముద్రలు తీసేవాళ్లే ఆపాలి, ఆపకపోతే చట్టం ఆపించాలి.