విగన్ బ్యాగీ ప్యాంటును నేను

నేనొక బ్యాగీ ప్యాంటును. పుట్టింది 1970ల నడుమ, ఉత్తర ఇంగ్లండులో. నడుము దగ్గర నాలుగు బొత్తాల వెడల్పాటి పట్టీతో బిగుతుగా ఉంటాను. కిందికి దిగేకొద్దీ విచ్చుకుంటాను. పాదం దగ్గర నా అంచు చుట్టుకొలత 30 అంగుళాలు. నన్ను కొన్న కుర్రాడికి పదిహేడేళ్లు, నూలు మిల్లులో కొత్తగా చేరాడు. నన్ను చూడగానే వాళ్లమ్మ, "ఒరే, ఇందులో ఇద్దరు పడతార్రా!" అంది. అంత గుడ్డ ఎందుకో శనివారం రాత్రి దాకా నాకూ తెలియలేదు.

ఆ రాత్రి నన్ను తొడుక్కుని రైలెక్కి విగన్‌లో దిగాడు. అది బొగ్గు గనులూ నూలు మిల్లులూ ఉన్న ఊరు. అక్కడి స్టేషన్ రోడ్డులో విగన్ క్యాసినో ఉంది. పేరు అలా ఉన్నా అది పాతకాలపు నృత్యశాల. 1973 సెప్టెంబరు 23న అక్కడ ఆల్‌నైటర్లు, అంటే తెల్లవార్లూ సాగే నృత్యాలు, మొదలయ్యాయి. రాత్రి రెండు గంటలకు మొదలయ్యే ఆట ఆదివారం తెల్లవారి ఎనిమిదికి ముగిసేది. మద్యం అమ్మేవారు కాదు. వచ్చినవాళ్లంతా ఆడడానికే వచ్చేవారు.

వాళ్ల సంగీతం పేరు నార్తర్న్ సోల్. లండన్‌లో రికార్డుల కొట్టు నడిపిన డేవ్ గాడిన్ పెట్టిన పేరది. ఉత్తరాది కుర్రాళ్లు అడిగి మరీ కొనే పాటలన్న అర్థంలో అలా పిలిచాడు. ఆ పాటల్లో ఎక్కువ భాగం 1960లలో అమెరికా నల్లజాతి గాయకులు పాడినవి. సొంతగడ్డ మీద అమ్ముడుపోక మూలపడ్డ ఆ రికార్డులను సముద్రం ఇవతలి పిల్లలు వెతికి తెచ్చుకున్నారు.

పాట మొదలైంది. మావాడు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. అక్కడ ఎవరి ఆట వారిదే. పక్కకు జారాడు, గిర్రున తిరిగాడు, కాలు తలదాకా ఎగరేశాడు, వెనక్కి వాలి నేలను తాకి మళ్లీ లేచాడు. నా కుట్టు ఒక్కటి కూడా పట్టెయ్యలేదు. అప్పుడు తెలిసింది నా వెడల్పు దేనికో. అతను తిరిగి ఆగాక కూడా నా అంచులు మరో అర చుట్టు తిరిగేవి.

అక్కడున్న ప్రతి వస్తువుకూ అలాంటి పని ఒకటి ఉంది. బూట్లకు తోలు అడుగు, జారడం కోసం. నేల మీద చల్లిన టాల్కం పౌడరు కూడా అందుకే. ఒంటి మీద బనీను, చెమట కోసం. చేతి సంచిలో తువ్వాలు, మార్చుకోవడానికి ఇంకో చొక్కా. ఆడపిల్లల పొడవాటి గుండ్రటి స్కర్టులు మన పరికిణీల్లా గొడుగు పట్టేవి. సంచుల మీద కుట్టుకున్న బ్యాడ్జీల్లో బిగించిన పిడికిలి ఉండేది. అమెరికాలో నల్లజాతివారు హక్కుల కోసం ఎత్తిన పిడికిలి అది. దాని చుట్టూ 'నమ్మకం వదలకు' అన్న అర్థమిచ్చే మాట. ఎవరి పాటకు ఆడుతున్నారో వాళ్ల గుర్తును ఈ పిల్లలు తమ వెంట మోశారు. నాకు అన్నిటికన్నా గర్వంగా అనిపించేది అదే.

తెల్లవార్లూ నిద్ర ఆపుకోవడానికి కొందరు మాత్రలు మింగేవారు. అది మా ముచ్చటకు మచ్చ, దాచను. మావాడికి మాత్రం పాటే చాలింది. ఎనిమిది కావస్తుండగా ప్రతిసారీ అవే మూడు పాటలు వేసేవారు. జిమ్మీ రాడ్‌క్లిఫ్, టోబీ లెజెండ్, డీన్ ప్యారిష్ పాడినవి. అవి వినబడగానే అతని కాళ్లు నెమ్మదించేవి. సోమవారం మిల్లు గుర్తొచ్చేది కాబోలు.

1981 డిసెంబరు 6న క్యాసినో మూతపడింది. చిట్టచివరగా మోగింది ఫ్రాంక్ విల్సన్ పాట. మరుసటి ఏడు భవనం అగ్నికి ఆహుతైంది, 1983లో కూల్చేశారు. ఇప్పుడా చోట ఒక షాపింగ్ సెంటరు ఉంది. నేను మావాడి పెట్టెలో ఉన్నాను. నా అంచు మడతల్లో ఇంకా కాస్త తెల్లటి పౌడరు మిగిలే ఉంది.

పెద్దలకు నాదొక మనవి. మీ ఇంటి పిల్లలు వింత బట్టలు వేసుకొస్తే నవ్వకండి. అవి వేసుకుని ఏం చేస్తున్నారో ఒక్కసారి వెళ్లి చూడండి. మావాడి ఆట వాళ్లమ్మ ఒక్కసారైనా చూసి ఉంటే, నా వెడల్పు గురించి మళ్లీ అడిగేది కాదు.