మూడో తరగతి, రెండోసారి

మా ఇంట్లో మూడో తరగతి ఇద్దరం చదువుతున్నాం. ఒకరు మా పాప. పొద్దున కామారెడ్డిలో బడికి పోయి సాయంత్రం వచ్చేస్తుంది. రెండో విద్యార్థి నేను. కొలువు ఎల్లారెడ్డిలో. తాడ్వాయి, లింగంపేట మీదుగా రోజూ బస్సులో పోయొచ్చి, కాళ్ళు కడుక్కుని రాత్రి బడిలో కూర్చుంటాను. పాప నోటుబుక్కుల్లో ఉన్న 'గుడ్'లు ఏరితే సగానికి పైగా నావే.

నిజాంసాగర్ సంగతే తీసుకోండి. 'మన జిల్లా నీటి వనరులు' అని ప్రాజెక్టు వర్క్ ఇచ్చారు. పాప తెల్లకాగితం మీద నీలంరంగు చెరువు గీసి, గట్టు మీద రెండు బర్రెలను నిలబెట్టి "అయిపోయింది డాడీ" అంది. నాకు ఆనలేదు. ఆమె క్లాసు పిలగాడి తండ్రి స్టేషన్ రోడ్డులో థర్మాకోల్ షీట్లు కొంటుంటే అప్పుడే చూసి వచ్చాను మరి!

అలీ నవాజ్ జంగ్ బహదూర్ అంతటి ఇంజినీరుకు 1923 నుంచి 1931 దాకా పట్టిన డ్యామ్‌ను నేను ఒక్క రాత్రిలో లేపాను. గేట్లకు ఐస్‌క్రీం పుల్లలు, నీళ్ళకు బట్టలకు పెట్టే నీలిమందు. మా ఆవిడ లేచొచ్చి చూసి, "ఇగ పండుకోండ్రి. పొద్దుగాల మీకు డ్యూటీ ఉన్నదా, డ్యామ్ ఓపెనింగ్ ఉన్నదా?" అంది. పాప ఎప్పుడో నిద్రపోయింది.

మర్నాడు బళ్ళో మేడం "ఇది ఏ నది మీద కట్టిండ్రమ్మా?" అని అడిగిందట. "మా డాడీని అడిగి రేపు చెప్త మేడం" అందట మా పాప. సాయంత్రానికి డైరీలో రెండు ముక్కలు రాసొచ్చాయి: 'డ్యామ్ బాగుంది. పాపను కూడా చేయనివ్వండి.' అన్ని పుల్లలు అతికించినవాణ్ని, మంజీర అనే మూడక్షరాలు చెప్పడం మరిచాను.

పౌరుషం వచ్చి, హోంవర్క్ గురించి చదవడం మొదలుపెట్టాను. కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ 2020 ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్కే వద్దు. మూడు నుంచి అయిదు తరగతులకు వారానికి రెండు గంటలు మించొద్దు. మా ఇంట్లో ఆ రెండు గంటలూ ఒక్క రాత్రికే అయిపోతాయి. అందులో గంటన్నర నా అరుపులే. అమెరికాలో హారిస్ కూపర్ అనే ఆయన అక్కడి పరిశోధనలన్నీ జమచేసి 2006లో తేల్చిందేమంటే, చిన్న తరగతుల్లో హోంవర్క్‌కూ మార్కులకూ ఉన్న సంబంధం అంతంత మాత్రమేనని. ఆ కాస్త దానికా నేను గొంతు పోగొట్టుకున్నది!

2022లో మన సర్కారు బళ్ళలో 'తొలిమెట్టు' మొదలైంది. పిల్ల ఎక్కడ ఆగిందో పట్టుకుని, అక్కడి నుంచి చెయ్యిపట్టి నడిపించడం దాని పని. ఏ బడిలోనైనా మేడం చేయాల్సింది అదే కదా. తప్పులన్నీ నేనే దిద్ది పంపుతుంటే ఆమెకు పాప ఆగినచోటు ఎట్లా కనబడుతుంది? నోటుబుక్కు నిండా నా తెలివే కనబడుతుంది.

అందుకని మా ఆవిడ నాకు కొత్త టైంటేబుల్ వేసింది. బువ్వకు ముందు అరగంట. టీవీ బంద్, నా ఫోన్ బంద్. పక్కన కూర్చోవాలి, పెన్సిల్ ముట్టొద్దు. మొన్న యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేసి పాప ముప్పై అయిదు వేసింది. నాలుక కొసదాకా వచ్చిన జవాబును మింగి, "ఎట్లొచ్చింది బిడ్డా?" అన్నాను. "ఏడులకెళ్లి రెండు తీసిన. పెద్దదాంట్లకెళ్లే గద తీసేది!" మా ఆవిడ చింతగింజల డబ్బా తెచ్చి ముందు పెట్టింది. పాప యాభై రెండు లెక్కబెట్టి పోసి, ఇరవై ఏడు పక్కకు జరిపి, మిగిలినవి ఎంచి, "ఇరవై అయిదే ఉన్నయ్" అని తనే రబ్బరు అందుకుంది. చింతగింజలు నాకంటే మంచి మాస్టర్లు. అరవవు.

ఆదివారం అత్తగారింటికి ఎల్లారెడ్డి పోతుంటే బస్సు కిటికీలోంచి బోర్డులన్నీ పాప కూడబలుక్కుంటూ చదివింది. తాడ్వాయి దగ్గర డకు వ తగిలించడానికి ఎంతసేపు పట్టిందో, బోర్డు వెనక్కి పోయాక గానీ ఊరు పూర్తి కాలేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీలో జీరో టికెట్ కదా, కండక్టర్ నా ఒక్కడి దగ్గరే పైసలు తీసుకున్నాడు.

"డాడీ, వచ్చేటప్పుడు అమ్మమ్మను కూడా తోలుకొస్తే?"

"అప్పుడూ నా ఒక్కనికే పైసలు."

"మరి నువ్వు రాకపోతే?"

"అసలే ఉండయ్."

పాపకు సున్నా విలువ తెలిసింది, నాకు నా విలువ తెలిసింది.

ఈ పద్ధతి మొదలయ్యాక పాపకు 'గుడ్'లు తగ్గాయి, ఎర్రసిరా పెరిగింది. కానీ ఏ లెక్క ఎందుకు తప్పిందో తనే చెబుతోంది. ఈసారి ప్రాజెక్టు దోమకొండ కోట అట. 2022లో యునెస్కో అవార్డు అందుకున్న కోట! దానికి పాప అగ్గిపెట్టె ఒక్కటి చాలంటోంది. బురుజులు ఎట్లా నిలబెట్టాలో నాకు తెలుసు గానీ, ఫెవికాల్ డబ్బా ఎక్కడ దాచిందో మా ఆవిడ చెప్పట్లేదు.