రీమేక్‌నే ముందు చూడండి

తెలుగు సినిమాకి హిందీ రీమేక్ వస్తోందంటే మనవాళ్లలో చాలామంది చేసే పని ఒకటే. ఒరిజినల్‌ని ఇంకోసారి వేసుకుని చూస్తారు, ప్రతి సీనూ గుర్తుపెట్టుకుంటారు, ఆ తర్వాత హిందీ సినిమాకి వెళ్తారు. పది నిమిషాలు తిరక్కుండానే మన హీరో ముందు ఇతనెంత అని తేలిపోతుంది. మిగతా రెండు గంటలూ ఆ తీర్పుకి సాక్ష్యాలు ఏరుకోవడంతోనే సరిపోతుంది. ఇలా చూసినవాళ్లకి హిందీ సినిమా ఎలాగూ ఎక్కదు, తెలుగు సినిమా గురించి కూడా కొత్తగా ఒక్క ముక్క తెలియదు. ఇన్నాళ్లూ ప్రేమించిన సినిమాను ఇంకాస్త దగ్గరగా చూసే అవకాశం చేతులారా పోగొట్టుకుంటున్నారని నా బాధ. అందుకే నా సలహాలన్నీ వాడుకకు అడ్డంగా ఉంటాయి. వినగానే తప్పనిపిస్తాయి. ఒక్క సినిమా మీద ప్రయత్నించి చూడండి.

ముందుగా, ఒరిజినల్ జోలికి పోకండి. రీమేక్‌నే ముందు చూడండి. ఒరిజినల్ ఎప్పుడో చూసేసి ఉంటే, మళ్లీ చూడకుండా, పాటలు కూడా వినకుండా ఒక ఏడాది ఆగండి. కాస్త మరుపు రావాలి. ఈ పనికి మంచి జ్ఞాపకశక్తే పెద్ద అడ్డంకి.

'జెర్సీ'తో మొదలుపెట్టండి. గౌతమ్ తిన్ననూరి దాన్ని నానితో తెలుగులో తీశాడు, 2019 ఏప్రిల్‌లో వచ్చింది. అదే కథను షాహిద్ కపూర్‌తో హిందీలో తీస్తే 2022 ఏప్రిల్‌లో వచ్చింది. తెలుగు 'జెర్సీ'కి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు, నవీన్ నూలికి ఎడిటింగ్ అవార్డు కూడా దక్కాయి. దర్శకుడు ఒక్కడే. పుట్టినరోజుకి ఐదు వందల రూపాయల జెర్సీ కావాలని అడిగే కొడుకు పాత్రలో కూడా రెండిట్లోనూ రోనిత్ కమ్రాయే నటించాడు. పోలిక చూసేవాళ్లకి ఇంతకంటే అదృష్టం ఉండదు. ఇన్ని మారకుండా ఉన్నప్పుడు, మారినవేవో వాటంతట అవే కనబడతాయి.

హిందీది ముందు చూస్తే రైల్వే స్టేషన్ సీను దగ్గర ఏం జరుగుతుందో చూడండి. ముప్పై ఆరేళ్ల వయసులో రంజీ జట్టులోకి మళ్లీ ఎంపికయ్యానని తెలిశాక, ఎప్పుడో ఆట మానేసిన క్రికెటర్ అర్జున్ స్టేషన్‌కి వెళ్తాడు. రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద ఆగుతాడు. వచ్చాక ఆ రొదలో గొంతు చించుకుని అరుస్తాడు. షాహిద్ ఈ సీను బాగా చేశాడు. తీసిపారేయడానికి ఏమీ లేదు. కానీ 'జెర్సీ'కి ముందు అతని సినిమా 'కబీర్ సింగ్'. అందులో కోపంతో, ప్రేమతో, మత్తులో సినిమా పొడవునా అరిచిన మనిషే ఇతను. ఆ గొంతు హిందీ ప్రేక్షకుడి చెవికి ముందే అలవాటైపోయింది. ఆ తర్వాత తెలుగు 'జెర్సీ' వేసుకోండి. నాని బాపు దగ్గర అసిస్టెంటుగా పనిచేసి, రేడియో జాకీగా మాట్లాడి, తెరమీద ఎక్కువగా పక్కింటి కుర్రాడిగా మనకు చేరువైనవాడు. భార్య సంపాదన మీద బతుకుతూ, ఇంట్లో తలెత్తలేక, చుట్టుపక్కలవాళ్ల మాటలు దిగమింగిన అర్జున్ సంతోషించడానికి కూడా రైలు చప్పుడు చాటు వెతుక్కున్నాడన్న సంగతి అప్పుడు తగులుతుంది. తెలుగులో మొదటిసారి చూసినప్పుడు మనం ఏడ్చేశాం, అంతే. ఎందుకు ఏడ్చామో హిందీ సినిమా చూపిస్తుంది.

కోచ్ పాత్ర దగ్గర ఇది తిరగబడుతుంది. తెలుగులో సత్యరాజ్. అప్పటికి రెండు 'బాహుబలి'లు వచ్చేశాయి కాబట్టి ఆయన్ని చూడగానే ప్రాణం పోయినా మాట తప్పని కట్టప్ప మనసులో మెదులుతాడు. అర్జున్‌ని ఈయన వదిలిపెట్టడన్న నమ్మకం మనకు సినిమా మొదలవకముందే ఉంటుంది. హిందీలో ఆ పాత్ర పంకజ్ కపూర్‌ది. ఆయన షాహిద్‌కి నిజజీవితంలో కన్నతండ్రి. కుర్రాడు పాడైపోతుంటే ఒక పెద్దాయన మందలించలేకా వదిలేయలేకా పడే అవస్థలో ఆయన కళ్లలో కనబడేది నటనకు అవతలి సంగతి. ఈ ఒక్కచోట హిందీ సినిమా మన సినిమాకంటే లోతుకి వెళ్లిందని నేను ఒప్పుకుంటాను. మనవాళ్లు కూడా ఒప్పుకోవాలని అడుగుతున్నాను.

ఇక్కడే ఇంకో అడ్డం సలహా. సినిమాల గురించి చదవడం ఆపేసి పాత రంజీ ట్రోఫీ స్కోర్లు తీయండి. కథ 1986లోనూ 1996లోనూ నడుస్తుంది. హైదరాబాద్ జట్టు నిజంగా రంజీ ట్రోఫీ గెలిచింది 1986-87 సీజన్లో. అంటే మన అర్జున్ బ్యాటు కింద పెట్టేసిన రోజుల్లోనే అతని ఊరి జట్టు దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 1996కి వచ్చేసరికి వరల్డ్ కప్‌లో భారత కెప్టెన్ అజహరుద్దీన్. జట్టులో వెంకటపతి రాజు ఉన్నాడు. ఆ ఏడాది నవంబరులో అహ్మదాబాదులో వి.వి.ఎస్. లక్ష్మణ్ తొలి టెస్టు ఆడాడు. హైదరాబాద్ గల్లీల్లో ఆడే కుర్రాడికి ఇండియా జెర్సీ అప్పుడు చేతికందేంత దూరంలో ఉండేది. హిందీలో కథను చండీగఢ్‌కి తీసుకెళ్లారు. పంజాబ్ రంజీ ట్రోఫీని తొలిసారి గెలిచింది 1992-93లో. ఆ లెక్కన అక్కడి అర్జున్ ఇంట్లో ఖాళీగా కూర్చున్న పదేళ్ల నడుమ అతని రాష్ట్రం గెలిచింది. 1996 ఇంగ్లండ్ పర్యటనలో పంజాబ్ ఓపెనర్ విక్రమ్ రాథోడ్‌కి టెస్టుల్లో అవకాశం వస్తే, అదే పర్యటన మధ్యలో నవజోత్ సిద్ధూ జట్టును వదిలి ఇంటికొచ్చేశాడు. సినిమా ఈ గెలుపోటముల మీద నిలబడి లేదు. అయినా ఇవి తెలుసుకుని చూస్తే ఊరు మార్చడమంటే బ్యాక్‌గ్రౌండు మార్చడం ఒక్కటే కాదని అర్థమవుతుంది. అదే మనిషికి వేరే రకం గాయం తగిలింది.

హీరోలను అసలు పోల్చకండి. అది అభిమానుల పని, వాళ్లు బాగానే చేస్తున్నారు. మీరు నానమ్మను చూడండి. సందీప్ రెడ్డి వంగా 2017లో తీసిన 'అర్జున్ రెడ్డి'లో నానమ్మ కాంచన. కె. విశ్వనాథ్ మొదటి సినిమా 'ఆత్మగౌరవం'లో అక్కినేని సరసన చేసిన కాంచనే. చాలా ఏళ్ల తర్వాత ఆవిడ తెరమీద కనబడగానే మన ఇళ్లలో పెద్దవాళ్ల ముఖాలు వెలిగాయి. అదే దర్శకుడు 2019లో 'కబీర్ సింగ్' తీసినప్పుడు నానమ్మ పాత్రకి కామినీ కౌశల్‌ను పిలిచాడు. 1946లో కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అందుకున్న చేతన్ ఆనంద్ 'నీచా నగర్'లో నటించిన కామినీ కౌశల్. రెండు సినిమాల్లోనూ ఆ ఇంటి తండ్రీకొడుకులు కలిసేది నానమ్మ పోయిన రోజునే. అంత బరువు మోసే పాత్రకి ఆయన రెండుచోట్లా ఆయా ప్రేక్షకుల పాత జ్ఞాపకాన్ని తెచ్చి కూర్చోబెట్టాడు. హీరో గడ్డం పొడవు గురించి వాదించుకునేవాళ్లు ఇది చూడరు.

ఈ జంట సినిమాల విషయంలో రీమేక్‌ను ముందు చూడమని మరీ గట్టిగా చెబుతాను. విజయ్ దేవరకొండ మీద మనకున్న మోజు అంత తేలిగ్గా పోయేది కాదు. హీరో మొదటి పరిచయంలోనే, అడగనైనా అడగకుండా, ఆ అమ్మాయి బుగ్గ మీద ముద్దు పెట్టే సీను రెండిట్లోనూ ఉంది. మన సినిమాలో మన చూపు అతని మీదే ఉండిపోయింది. ఆ ఊపు, ఆ తెగింపు కొత్తగా అనిపించాయి. షాహిద్ మీద ప్రత్యేకమైన ప్రేమ లేని తెలుగు ప్రేక్షకుడు అదే సీనును హిందీలో చూస్తే కళ్లు వాటంతట అవే అమ్మాయి మీదికి వెళ్తాయి. ఆమె తల వంచుకుని ఉంటుంది. ఏమీ మాట్లాడదు. ఆ తర్వాత కూడా చాలాసేపు ఆమెకు చెప్పుకోదగ్గ మాటలే ఉండవు. ఇప్పుడు తెలుగుకి రండి, షాలినీ పాండే ముఖాన్ని చూడండి. 2017 ఆగస్టులో మన దగ్గర పెద్ద గొడవ ముద్దు పోస్టరు గురించి జరిగింది. కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు గారు బస్సుకి అంటించిన పోస్టరును చింపేశారు. ఆ ముద్దుకి ఆ పిల్ల ఒప్పుకుందా అన్న ప్రశ్న మన దగ్గరా కొందరు అడిగారు గానీ, దేశమంతా దాని మీద వాదించుకున్నది మాత్రం 'కబీర్ సింగ్' వచ్చాకే. అప్పుడు మనవాళ్లు చాలామంది మా సినిమా జోలికి రాకండని ఎదురుతిరిగారు. నా సలహా దానికి వ్యతిరేకం. ఊరి పరువు కాసేపు పక్కన పెట్టి, హిందీవాళ్లు వేసిన ప్రశ్నలన్నీ పట్టుకొచ్చి మన సినిమాను అడగండి. ఆ తర్వాత కూడా 'అర్జున్ రెడ్డి' మీకు నచ్చితే, ఆ నచ్చడానికి ఒక బలం ఉంటుంది.

మంచి రీమేకుల కోసం వెతక్కండి. బాగా కుదిరిన రీమేక్ ఒరిజినల్ మీద పెద్దగా వెలుగు వేయదు. కుదరనివాటిని పట్టుకోండి. నాకు తెలిసినంతలో దీనికి సరైన సినిమా 'సన్ ఆఫ్ సర్దార్'. 2012 దీపావళికి వచ్చింది, అజయ్ దేవగన్ హీరో. అది రాజమౌళి 2010లో సునీల్‌తో తీసిన 'మర్యాద రామన్న'కి రీమేక్. 'మర్యాద రామన్న'కి మూలం బస్టర్ కీటన్ 1923 నాటి మూకీ సినిమా 'అవర్ హాస్పిటాలిటీ'. మూడింటిలో ముడి ఒకటే. రైల్లో పరిచయమైన అమ్మాయి ఇంటికి హీరో అతిథిగా వెళ్తాడు. తీరా చూస్తే అది తనను చంపాలని కాచుకున్న పగవాళ్ల ఇల్లు. గడప లోపల ఉన్నంతసేపూ వాళ్లు అతన్ని ముట్టుకోరు, గడప దాటితే కత్తులు సిద్ధం.

ఈ కథ మొత్తం హీరో ఒంట్లో బలం లేకపోవడం మీద నడుస్తుంది. కీటన్ పొట్టివాడు, పక్కన ఎవరు నిలబడ్డా ఇంకా చిన్నగా కనిపించేవాడు. సునీల్ అప్పటికి మనకు కమెడియన్. రాయలసీమలో పగవాళ్ల పెద్దగా నాగినీడు గారు, ఆ నిలువెత్తు మనిషి, ఇంటి వాకిట్లో నిలబడితే సునీల్ భయం మన భయం అవుతుంది. గడప దాటకుండా ఉండడానికి అతను వేసే ప్రతి ఎత్తుకీ నవ్వుతూనే గుండె చేత్తో పట్టుకుంటాం. అజయ్ దేవగన్ ఆ గడప లోపల ఉన్నాడంటే ఎవరికీ దిగులు ఉండదు. అతను పదిమందిని కొట్టగలడని మనకు తెలుసు, సినిమా కూడా మొదట్లోనే ఆ సంగతి చూపించేసింది. ఇక గడప ఉంటే ఎంత, లేకపోతే ఎంత? ఇదే కథను తమిళంలో సంతానంతో, కన్నడంలో కోమల్‌తో తీశారు. ఇద్దరూ కమెడియన్లే. ఆ పరిశ్రమలవాళ్లకి ముడి ఎక్కడుందో తెలిసింది. 'మర్యాద రామన్న' ఎందుకు ఆడిందని ఎవరైనా అడిగితే రాజమౌళి స్క్రీన్‌ప్లే అనో, కీరవాణి పాటలనో మనం చెబుతాం. సునీల్‌ను తీసుకోవడం ఎంత పెద్ద నిర్ణయమో 'సన్ ఆఫ్ సర్దార్' చూసిన రోజున నాకు బోధపడింది. అందుకు ఆ సినిమాకి నేను నిజంగానే కృతజ్ఞుణ్ణి.

త్రివిక్రమ్ సినిమాల దగ్గరికొస్తే సౌండ్ ఆపేయండి. 'అల వైకుంఠపురములో', 2023లో వచ్చిన దాని రీమేక్ 'షెహజాదా', రెండూ మాటలు వినకుండా ఒక్కో అరగంట చూడండి. త్రివిక్రమ్ అంటే మాటలేనని మనం అనుకుంటాం. మన సినిమాలో మురళీ శర్మ కుంటుతూ నడిచే నడకలో, కొడుకు కాని కొడుకుని చూసే చూపులో ఎంత కథ ఉందో మాట వినబడనప్పుడు తెలుస్తుంది.

చివరిగా, ఇదే పద్ధతిని మనం తీసిన రీమేకుల మీద కూడా వాడండి. ఇది అభిమానులకు కష్టం. 'వకీల్ సాబ్' (2021) ముందు చూడండి, ఆ తర్వాత 'పింక్' (2016). హిందీలో అమితాబ్ పోషించింది మానసిక సమస్యతో బాధపడే ముసలి లాయరు పాత్ర. భార్య ఆసుపత్రిలో ఉంటుంది. ఆయన కోర్టుకి రావడానికే చాలాసేపు పడుతుంది. మన దగ్గర పవన్ కల్యాణ్ పాత్రకి గతం వచ్చింది, ప్రేమ వచ్చింది, మెట్రో రైల్లో ఫైటు వచ్చింది. ఇవన్నీ ఎందుకొచ్చాయో మనకు తెలుసు, వాటి మీద నాకు కోపం లేదు. ఆ లాయరు పక్కన లేనప్పుడు, అతను ఎవరి తరఫున వాదిస్తాడో ఆ ముగ్గురమ్మాయిలు తెరమీద ఎంతసేపు ఉన్నారో మాత్రం గడియారం దగ్గర పెట్టుకుని రాసుకోండి. తెలుగులో నివేదా థామస్, అంజలి, అనన్య నాగళ్ల. హిందీలో తాప్సీ, కీర్తి కుల్హారీ, ఆండ్రియా తారియాంగ్. వాళ్ల ఇంట్లో, వాళ్ల వంటగదిలో, పోలీస్ స్టేషన్ బెంచీ మీద వాళ్లు తమలో తాము మాట్లాడుకునే నిమిషాలు విడిగా రాయండి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాక, ఆ ముగ్గురిలో ఒకరిగా మీ ఇంటి అమ్మాయే ఉంటే ఈ రెండు సినిమాల్లో దేన్ని చూపిస్తారో ఆలోచించండి.