రిపేరు రానివాళ్లే స్టాండు కొనాలి

ముందు పని నేర్చుకో, ఆ తర్వాతే పనిముట్లు కొనుక్కో అంటారు పెద్దలు. సైకిల్ రిపేరు స్టాండు విషయంలో మాత్రం ఆ మాట వినకండి. స్పానర్ ఎటు తిప్పాలో తెలియకముందే, ఇంట్లో అలెన్ కీల సెట్టు కూడా లేకముందే స్టాండు కొనండి. పని వచ్చినవాడు సైకిల్‌ని గోడకానించైనా, గొంతుక్కూర్చునైనా బాగుచేసుకుంటాడు. రానివాడికే సైకిల్ కళ్లెదురుగా కదలకుండా నిలబడాలి, చక్రాలు రెండూ గాల్లో తిరగాలి.

అందరూ వేసే లెక్క ఒకటుంది. ఏడాదికి సర్వీసింగుకి ఎంతవుతుంది, స్టాండు ఎంత, ఎన్నాళ్లకి గిట్టుబాటవుతుంది? ఈ లెక్క వేసినవాళ్లు స్టాండు కొనరు. కాబట్టి వెయ్యకండి. చైను ఎన్నాళ్లకోసారి తుడుస్తున్నారో అది చూసుకోండి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ 2023లో తెరిచారు కదా, ఆదివారం పొద్దున్నే అక్కడ కాసేపు నిలబడండి. ఎంతో డబ్బు పోసి కొన్న సైకిళ్లు ఎండిపోయిన చైన్లతో కీచుకీచుమంటూ వెళ్తుంటాయి. ఆ తొక్కేవాళ్లు బద్ధకస్తులేం కాదు, తెల్లవారకముందే లేచి వచ్చినవాళ్లు. అడ్డం పడేది నడుము. నేల మీద వంగి, ఒక చేత్తో వెనక చక్రం లేపి, ఇంకో చేత్తో పెడలు తిప్పితే ఇక గుడ్డ పట్టుకోవడానికి చెయ్యేదీ?

దొరికిన సామానుతో స్టాండు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్‌లో సైకిల్ షాపు నడిపిన హోవర్డ్ హాకిన్స్, ఆర్ట్ ఎంగ్‌స్ట్రామ్ తమ మొదటి స్టాండుని భోజనాల బల్ల కాలు, కాంక్రీటు నింపిన ఫిరంగి గుండు తొడుగు, 1937 నాటి ఫోర్డ్ ట్రక్కు ఇరుసు ముక్క కలిపి తయారుచేశారు. 1963లో మొదలైన వాళ్ల పార్క్ టూల్ కంపెనీ ఇప్పటికీ స్టాండ్లు అమ్ముతోంది.

మీది పాత నల్ల సైకిలైతే మాత్రం ఒక్క రూపాయి పెట్టకండి. దాని స్టాండుని కాలితో తొక్కిపట్టి క్యారియర్ వెనక్కి లాగితే వెనక చక్రం నేల వదిలి లేస్తుంది. మన నాన్నలు చైనుకి ఆయిల్ వేసింది అలాగే. గేరు సైకిళ్లొచ్చాక పక్క స్టాండు ఒకటి తగిలించి, కొన్నిటికి అదీ లేకుండా చేసి ఆ సౌకర్యం తీసేశారు. మనం ఇప్పుడు విడిగా డబ్బిచ్చి కొనుక్కుంటున్నది దాన్నే.

తలకిందులు పెడితే సరిపోదా అంటారు. పంక్చర్‌కి సరిపోతుంది. గేర్లకి చాలదు. సైకిల్ బరువంతా సీటు మీదా, హ్యాండిల్‌కున్న లీవర్ల మీదా పడుతుంది, అన్నీ గీసుకుపోతాయి. పైగా హైడ్రాలిక్ బ్రేకులైతే లీవర్ దగ్గరి ఆయిల్ తొట్టిలో ఉన్న గాలి గొట్టంలోకి చేరవచ్చు. అప్పుడు బ్రేకు మెత్తబడిపోతుంది.

స్టాండు వచ్చిన రోజు ఏదీ విప్పకండి. చేత్తో పెడలు తిప్పుతూ చెవి పెట్టండి, అంతే. నేను అదే చేశాను. టిక్ అని ఒక చప్పుడు, చక్రం చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒకసారి. రోడ్డు మీద ఎప్పుడూ వినపడలేదు. కళ్లు రిమ్ము ఎత్తుకి తెచ్చి చూస్తే ఒక్క చోట రిమ్ము ఎడమ బ్రేకు రబ్బరుని తాకుతోంది. అక్కడున్న పుల్లల్ని ఒక్కొక్కటే వేళ్లతో నొక్కి చూశాను. కుడివైపుది ఒకటి మిగతావాటికన్నా వదులుగా ఉంది. రెండు వారాల ముందే ఒక షాపులో సర్వీసింగు చేయించిన సైకిల్ అది. బిల్లులో బెండు తీసినట్టు రాసి డబ్బు కూడా తీసుకున్నారు. ఆ పుల్లని రిమ్ముకి పట్టి ఉంచే నిపుల్‌ని పావు చుట్టు బిగించాను. టిక్కు ఆగిపోయింది. అంతకుముందు నేను చక్రం జోలికి పోయినవాణ్ని కాదు.

ఆ తర్వాత మామూలు స్కేలు తీసుకుని చైను కొలవండి. పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి కొత్త చైనులో పన్నెండు జతల లింకులు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. అంగుళంలో పదహారో వంతు సాగిందంటే మార్చేయండి. ఇంకా నడిపిస్తే పళ్ల చక్రాల్ని కూడా తినేస్తుంది, అప్పుడు ఖర్చు రెండూ కలిపి.

ఇక ఏ స్టాండు? చిన్నగా మడుచుకుంటుందని మురిసిపోయి కొనకండి. మడిచిన స్టాండు అటకెక్కుతుంది, ఎక్కింది మళ్లీ దిగదు. కాళ్లు వెడల్పుగా ఉన్నది తీసుకుని, ఇంట్లోవాళ్లని ఒప్పించి హాల్లోనో బాల్కనీలోనో విప్పే ఉంచండి. ఎంత బరువు మోస్తుందో చూసే కొనాలి, బ్యాటరీ సైకిళ్లు బాగా బరువుంటాయి. బిగింపు సీటు కింది గొట్టానికే వెయ్యండి. ఫ్రేము గొట్టానికి వేస్తే సొట్టపడొచ్చు, కార్బన్ ఫ్రేమైతే పగిలిపోవచ్చు. సీటు గొట్టం కూడా కార్బన్‌దైతే బిగింపు రకం వద్దు, ముందు చక్రం తీసి ఫోర్కుని పట్టుకునే రకం చూసుకోండి.

అంత డబ్బు లేకపోతే వెనక చక్రాన్ని మాత్రం లేపే చిన్న స్టాండు తెచ్చుకోండి, చైనుకీ గేర్లకీ చాలు. అదీ వద్దనుకుంటే పాత ఇళ్లలో ఉయ్యాల కొక్కేలుంటాయి. సీటుకొక తాడు, హ్యాండిల్‌కొక తాడు కట్టి వేలాడదీయండి. చెట్టు కొమ్మకి తాడు కట్టి మెకానిక్‌లు చేసే పని అదే. కాస్త ఊగుతుంది, గట్టిగా బోల్టులు బిగించడానికి పనికిరాదు గానీ చైను తుడవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది.

గేరు సైకిల్ ఉండి వారానికి రెండుసార్లయినా తొక్కుతున్నారా, స్టాండు కొనండి. రిపేరు నేర్చుకున్నాక కాదు, ఈ నెల జీతంలోనే.