బూర్గంపాడు ఘంటాపథం

మూలము

అమ్మబడును. యమహా ఆర్‌ఎక్స్ 100. 1994 మోడల్. ఏపీ 20. సింగిల్ హ్యాండ్. ఇంజన్ ఓపెన్ కాలేదు. సౌండ్ ఒరిజినల్. గోదారి తగల్లేదు. మైలేజీ అడగొద్దు. బేరం లేదు.

అవతారిక

బూర్గంపాడు మండలం సారపాకలో, కాగితం మిల్లుకు పోయే దారిలో, ఒక టీకొట్టు పక్క కరెంటు స్తంభానికి అంటించిన చీటీ ఇది. గ్రంథకర్త పేరు లేదు. అడుగున ఫోన్ నంబరు ఉన్న జాడ ఉంది గాని వానకు చెరిగింది. మన మెదక్ సీమ కోలాచలం మల్లినాథసూరి భారవి కావ్యానికి తాను రాసిన వ్యాఖ్యకు ఘంటాపథమని, అంటే రాజబాట అని, పేరు పెట్టుకున్నాడు. మూలం దాటి ఒక్క మాట చెప్పనని ప్రతిజ్ఞ పట్టిన మహానుభావుడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు ఆ నిగ్రహం లేదు. బండి నడిచేది రోడ్డు మీదే కదా అని పేరొక్కటి అరువు తెచ్చుకున్నాడు.

ప్రతిపదార్థము

అమ్మబడును = కర్మణి ప్రయోగం. "నేను అమ్ముతున్నాను" అనడానికి నోరు రానివాడు ఇలా రాస్తాడు. ఇంట్లోవాళ్ల పోరు పడలేక అని ధ్వని.

యమహా ఆర్‌ఎక్స్ 100 = 1985లో ఎస్కార్ట్స్ కంపెనీ చేతుల మీదుగా దేశంలోకి దిగిన 98 సీసీ టూ స్ట్రోక్ మోటారు సైకిల్. 98ని నూరని పిలవడం దోషం కాదు, వ్యాపార సంప్రదాయం. 2018లో ఇదే పేరుతో వచ్చిన సినిమా వేరు. బండి పుట్టేనాటికి ఆ సినిమా చూసిన కుర్రాళ్లలో చాలామంది ఇంకా పుట్టలేదు.

1994 మోడల్ = 1996లో తయారీ ఆగిపోయింది కనుక, కంపెనీకి ఇది కడసారం బిడ్డల్లో ఒకటి.

ఏపీ 20 = ఖమ్మం జిల్లా రిజిస్ట్రేషన్. ఇక్కడ కాస్త ఆగాలి. ఈ బండి స్టాండు మీద నిలబడి ఉండగానే 2014లో రాష్ట్రం మారింది, 2016లో జిల్లా మారి భద్రాద్రి కొత్తగూడెమైంది. ఇదే మండలంలోని కొన్ని ఊళ్లు పోలవరం ముంపు లెక్కలో ఆంధ్రకు పోయాయి. పక్క బండ్ల మీద టీఎస్ 28 వచ్చింది, 2024లో టీఎస్ కాస్తా టీజీ అయింది. ఈ ప్లేటు మీద మాత్రం ఏపీ 20 చెక్కుచెదరలేదు.

సింగిల్ హ్యాండ్ = ఆర్‌సీ ఒకే పేరు మీద ఉందని. యాక్సిలరేటరు తిప్పిన చేతులు ఎన్నో శాస్త్రం చెప్పదు. పెళ్లిచూపులకు అడిగి పట్టుకెళ్లిన బావమరిది, పెట్రోలు పోయకుండా తిరిగిచ్చిన మేనల్లుడు అధ్యాహార్యం.

ఇంజన్ ఓపెన్ కాలేదు = బోరింగ్ పని పడలేదని భావం. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలుతో పాటు ఆయిలూ కాలుతుంది. హెడ్డుకూ సైలెన్సర్‌కూ కార్బన్ పడుతుంది. అప్పుడప్పుడు విప్పి గీకించడం దానికి నిత్యకర్మ. ముప్పై ఏళ్లుగా విప్పలేదన్నది నిజమైతే విప్పాల్సిన రోజు రేపే. నిజం కాకపోతే కర్త కవి.

తాత్పర్యము

బండి మీద ప్రేమ చావలేదు, డబ్బు అవసరం పడింది అని.

"సౌండ్ ఒరిజినల్" మీద విశేషము

ఈ వాక్యమే చీటీకి ప్రాణం. మిగతా బండ్ల చీటీల్లో టైర్ల గురించి రాస్తారు, ఇన్సూరెన్స్ గురించి రాస్తారు. చప్పుడును ఆస్తిలో కలిపి అమ్మేది దీన్నే. కారణం ఇంజన్‌లో ఉంది. ఫోర్ స్ట్రోక్ రెండు చుట్లకు ఒకసారి మండితే, టూ స్ట్రోక్ ప్రతి చుట్టుకూ మండుతుంది. ఆర్‌ఎక్స్ 100 తన పూర్తి బలం, అంటే 11 హార్స్ పవర్, ఇచ్చేది నిమిషానికి 7,500 చుట్ల దగ్గర. అంటే నిమిషానికి 7,500 పేలుళ్లు. అదే వేగాన తిరిగే ఫోర్ స్ట్రోక్‌లో 3,750. సగానికి సగం తేడా చెవికి తెలియకుండా ఉంటుందా? పైగా కార్బొరేటర్ వెనక రీడ్ వాల్వ్ ఉంది. లోపలికి పోయిన మిశ్రమం వెనక్కి తన్నకుండా సన్నని రేకులు మూసుకుంటాయి. అందుకే కింది వేగంలో కూడా బండి నీరసించదు. నూరు కిలోల చుట్టూ తూగే బండికి 11 హార్స్ పవర్ అంటే ముందు చక్రం లేవడానికి కుర్రతనం అక్కర్లేదు, క్లచ్ వదలడంలో కాస్త తొందర చాలు.

పూర్వపక్షము

ఇక్కడ ప్రతివాదులు లేస్తారు. ఎనభైల నడుమ మన రోడ్ల మీదికి నాలుగు జపాన్ నూర్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1984లో హోసూరు టీవీఎస్ వారి ఇండ్-సుజుకీ, 1985లో ధారూహేరా నుంచి హీరో హోండా సీడీ 100, అదే ఏడు మన యమహా, 1986లో బజాజ్ వారి కవాసాకీ కేబీ 100. నాలుగూ జపాన్ పుట్టుకలే, నాలుగూ మనవాళ్లతో వియ్యమందినవే.

సుజుకీ వాది అంటాడు: "మేము ముందు వచ్చాం, తర్వాత షోగన్ తెచ్చి 14 హార్స్ పవర్‌తో మిమ్మల్ని దాటాం." దాటిన మాట నిజమే. అయితే షోగన్ 108 సీసీ, వచ్చింది తొంభైల్లో. తమ్ముడు అన్నకంటే పొడుగైతే అన్న పొట్టివాడు కాడు. కవాసాకీ వాది ఏదో అనబోతాడు గాని, ఆ బండి విడిభాగాల కోసం ఊరూరూ తిరుగుతున్నాడు గనక సభలో లేడు. యమహా వంశంలోదే రాజ్‌దూత్ 350 ఒకటుంది. 347 సీసీ, రెండు సిలిండర్లు. అది నిజంగా పందెపు జాతి బండి. దాని ఓటమి వేగంలో కాదు, పెట్రోలు బంకులో.

అసలు ప్రతివాది హోండా. నింపు, మూత పెట్టు, మరిచిపో అన్నది ఆ బండి ప్రచారం. బలం ఏడు, ఏడున్నర హార్స్ పవర్. లీటరుకు ఎనభై కిలోమీటర్లని కంపెనీ మాట. టూ స్ట్రోక్‌లో తాజా మిశ్రమం కొంత కాలకుండానే పొగ దారిన బయటికి పోతుంది కనుక ఆ లెక్కకు ఆర్‌ఎక్స్ దరిదాపుల్లోకి రాదు. "మైలేజీ అడగొద్దు" అన్న వాక్యానికి ఇదే వ్యాఖ్యానం. ఏ కారణాన బలం వచ్చిందో ఆ కారణానే పొగా వచ్చింది, పెట్రోలూ పోయింది. 1996లో కాలుష్య నిబంధనలు బిగిసినప్పుడు బండికి చావు వచ్చిందీ అందుకే.

  

సిద్ధాంతము

రోజూ మిల్లులో షిఫ్టుకు పోయి వచ్చేవాడికి సీడీ 100 గొప్పది. సంతకు, ఆసుపత్రికి, పిల్లల బడికి కూడా అదే. ఇందులో ఆర్‌ఎక్స్ పక్షం మొహమాటపడాల్సింది లేదు. కాని పాల్వంచ వైపు నుంచి అడవి రోడ్డు మీద సాయంత్రం పూట ఒక్కడే వచ్చేవాడికి, బండి నడపడమే పనిగా బయలుదేరినవాడికి, ఆ నాలుగింటిలో ఆర్‌ఎక్స్ తప్ప రెండో మాట లేదు. మిగిలిన మూడూ అతణ్ని ఇంటికి చేరుస్తాయి. ఇదొక్కటే అతణ్ని చుట్టుదారిన తీసుకొస్తుంది.

"గోదారి తగల్లేదు" మీద తుది వ్యాఖ్య

ఇతర సీమల వ్యాఖ్యాతలకు ఈ వాక్యం అర్థం కాదు. బండి వరదలో మునగలేదని భావం. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు వచ్చింది. అప్పటికి ఈ బండి పుట్టలేదు. 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ రోజు ఈ బండి ఎక్కడుంది అన్నదే ప్రశ్న. టూ స్ట్రోక్‌లో క్రాంకు బేరింగులకు తడి ఇచ్చేది పెట్రోలుతో కలిసి వచ్చే ఆయిలే. వాటికి వేరే ఆయిల్ మడుగు లేదు. ఒక్కసారి ఒండ్రునీరు లోపలికి పోతే బేరింగు తుప్పు పట్టి, కొన్ని నెలలకు గరగరమంటుంది. అప్పుడు ఆ సౌండ్ ఒరిజినల్ కాదు.

"బేరం లేదు" = ఉంది.

కనుక కొనదలచిన ఆయుష్మంతుడా, ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడు. వేడిగా ఉంటే నువ్వు రాకముందే కిక్కులు కొట్టి దాన్ని దారికి తెచ్చాడన్నమాట. తర్వాత హెడ్‌లైట్ డూము విప్పించి వెనక వేలు పెట్టి తుడువు, స్పీడోమీటర్ అద్దం లోపల గీత ఉందేమో చూడు. వేలికి మెత్తటి ఒండ్రు తగిలితే టీ తాగి వచ్చేయ్. తగలకపోతే ఆర్‌సీలో చాసిస్ నంబరు సరిచూసుకొని, అడిగిన దాంట్లో రెండు వేలు తగ్గించి ఇవ్వు, తీసుకుంటాడు.